మూడు వేళ్ళ ఎడం

పోయినవారం మన పకపకను రికార్డింగు గదిలో, మైకు ముందు, నోరు తెరిచిన భంగిమలో వదిలేసి మన దారిన మనం పోయాం. వారం రోజులుగా ఆ నోరు అలాగే తెరుచుకుని ఉంది పాపం. ముందు దాన్ని మూయిద్దాం, తర్వాత కథ నడిపిద్దాం.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకి రెండు ముక్కలు. పకపక అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, స్టూడియో వాళ్ళు తగిలించింది. తెరమీద నాయికలు నోరు మాత్రమే తెరుస్తారు. ఆ నోట్లోంచి రాలే నవ్వు ఈవిడది. గొంతు ఈవిడది, వంతు వాళ్ళది. ఏడుపులకి వేరే ఆవిడ ఉంది, ఆవిడ జోలికి మనం పోవద్దు. మొగుడు లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో సగం మేడల్ని ఎక్కించి దింపే మనిషి, కాపురం మాత్రం లిఫ్టు లేని నాలుగో అంతస్తులో పెట్టాడు. ఐదు నెలల కూతురుంది. ఆ పిల్ల గొంతెత్తితే వీధిలో అంబులెన్సులు సిగ్గుపడి పక్కకి తప్పుకుంటాయి కనక దాన్ని సైరన్ అంటారు. పురిటికని వచ్చి ఉండిపోయిన అత్తగారుంది. టెలిఫోను ఎక్స్ఛేంజీలో జీవితమంతా ఊరివాళ్ళ లైన్లు కలిపి, కుడి చెవిని హెడ్‌ఫోనుకి ధారపోసి, ఇప్పుడు ఎడం చెవితో నెట్టుకొస్తోంది. ఈ ఎడం చెవిని కాస్త గుర్తుపెట్టుకోండి. ఇవాళ కొంప ముంచేది అదే.

పురుడయ్యాక పకపక మైకు ముందు నిలబడటం అదే మొదటిసారి. తెరమీద నాయిక ఉయ్యాల ఊగుతూ నవ్వుతోంది. మెల్లగా మొదలై, మెట్లెక్కి, పైమెట్టు మీద గలగలా విరిగి పడాల్సిన నవ్వు. ఇలాంటివి పకపక ఒకప్పుడు టీ తాగుతూ తాగుతూ మధ్యలో నవ్వి పడేసేది. ఇప్పుడు మొదటి మెట్టు ఎక్కింది. రెండోదీ ఎక్కింది. పైమెట్టు మీద కాలు పెట్టేసరికి పొట్ట నట్టనడుమ తలుపేదో తెరుచుకున్నట్టయింది. గాలంతా అందులోంచి పోయింది. నోట్లోంచి వచ్చింది సైకిలు ట్యూబు ఆఖరి శ్వాస.

అద్దానికి అవతల సౌండింజనీరు తల పట్టుకున్నాడు. రోజంతా "సైలెన్స్, సైలెన్స్" అని అరుస్తాడు కాబట్టి ఆయన్ని సైలెన్సుగారంటారు. స్టూడియో మొత్తానికి అంత గోల చేసే మనిషి ఇంకొకడు లేడు.

"మేడమ్, గ్యాప్ వస్తోంది."

"ఎక్కడ?" అంది పకపక, పొట్టమీద చెయ్యి వేసుకుని.

"పెదవికీ గొంతుకీ మధ్య. ఆవిడ పెదవి నవ్వేశాక మీ గొంతు వస్తోంది."

మళ్ళీ చేశారు. మళ్ళీ గ్యాప్. ఇంకోసారి చేస్తే గ్యాప్‌లో గ్యాప్. చివరికి ఆయన హెడ్‌ఫోను తీసి, ఎప్పుడూ లేనంత మెల్లగా అన్నాడు:

"గురువారం దాకా ఆగుతాను మేడమ్. అప్పటికీ కుదరకపోతే వేరే అమ్మాయి నవ్వు పెట్టేస్తాం. ఏమనుకోకండి. నవ్వు నవ్వే కదా."

నవ్వు నవ్వే కదా! ఆ మాట పట్టుకుని ఆమె స్టూడియో లిఫ్టెక్కింది. ఆ లిఫ్టులోనే కదా ఒకప్పుడు ఒక మెకానిక్కు, గోతిలో నడుముదాకా దిగి గొలుసుకి నూనె పూస్తుంటే, పైనుంచి నవ్వొకటి దొర్లుకుంటూ వచ్చి మీద పడింది! అతగాడు నూనె చేతులతోనే పై అంతస్తుకి పరిగెత్తి, "ఇప్పుడు నవ్వింది ఎవరండీ?" అని అడిగాడు. చెయ్యి ఎత్తింది పకపక. నూనె మరక ఇంకా పోలేదు, పెళ్ళి అయిపోయింది. అతను ఆమె మొహం కన్నా ముందు నవ్వుని చూశాడు. మరి ఇప్పుడు ఆ నవ్వు పోతే? ఆమెలో అతనికి తెలిసినది ఇంకేం మిగులుతుంది? గురువారం అన్నది సైలెన్సుగారి గడువు. ఈ ప్రశ్నకి గడువు కూడా లేదు. ఆమెతోపాటే ఇంటికొచ్చి కూర్చుంది.

అందుకే ఆమె మొగుడితో ఏమీ చెప్పలేదు. చెప్పడానికి దొరికితే కదా! ఆయన వస్తే ఈవిడ పాపని ఆయనకి అందిస్తుంది, ఆయన వెళ్తూ ఈవిడకి అందిస్తాడు. ఇద్దరి చేతులూ తగిలేది ఆ అందింపులోనే. సైరన్ దెబ్బకి ఆయన పడక హాల్లోకి మారింది. కడుపుతో ఉన్నన్నాళ్ళూ అందరూ ఆమెని కడుపులో పెట్టుకుని చూసుకున్నారు. మెట్లమీద ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా సంచీ అందుకున్నారు. పాప బయటికొచ్చింది, పొట్ట మిగిలింది, పలకరింపులు మాత్రం పాపతోపాటే వెళ్ళిపోయాయి. ఇప్పుడు అందరూ వంగి పాపని పలకరిస్తారు. ఎత్తుకున్న మనిషి పాపకి కుర్చీ.

మర్నాడు ఆమె ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రిలో కసరత్తులు చేయించే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ ఆమెని బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ళు మడవమంది.

"ఇప్పుడు తల కొంచెం పైకెత్తండి. చాలు, చాలు. అలా ఉంచండి."

తల లేచింది. తలతోపాటు పొట్ట నడిమధ్య కూడా బోర్లించిన పడవలా లేచింది. పకపక అది చూసి కళ్ళు మూసుకుంది. డాక్టరమ్మ బొడ్డు దగ్గర వేళ్ళు అడ్డంగా ఆన్చి, మెల్లగా నొక్కింది. వేళ్ళు దిగాయి.

"మూడు వేళ్ళ ఎడం ఉంది."

"ఎడం పక్కనా?"

"పక్క కాదమ్మా. ఎడం. మధ్యలో." డాక్టరమ్మకి నవ్వొచ్చింది. "పొట్టకి ముందువైపు రెండు కండరాలు నిలువుగా ఉంటాయి, గోడ పంచుకున్న రెండిళ్ళలాగ. లోపల పాప పెరుగుతుంటే చోటివ్వాలి కదా, చెరోపక్కకీ జరుగుతాయి. చాలామందికి పురుడయ్యాక దగ్గరికొచ్చేస్తాయి. మీవి ఇంకా రాలేదు."

"అలిగాయేమో."

"మధ్యలో పొర సాగిపోయింది. పొట్ట తగ్గాలని పడుకుని లేచే కసరత్తులేమైనా చేస్తున్నారా?"

పకపక చొక్కా కిందికి లాక్కుంది. చేస్తోంది. ఫోనులో ఎవరో చదునుపొట్టావిడ చూపిస్తుంటే, రోజూ బాత్రూము నేలమీద తువ్వాలు పరుచుకుని చేస్తోంది. ఆయాసం బయటికి వినబడకుండా కుళాయి తిప్పి మరీ చేస్తోంది. దానిమీద బెల్టు ఒకటి, ఊపిరాడకుండా బిగించి.

"అవి ఆపండి. ప్రస్తుతానికి అవి ఆ పొరని ఇంకా ముందుకి తోస్తాయి. బెల్టు బిగించినా అంతే, ఒత్తిడి ఎటో ఒకవైపు పోవాలి కదా. ఊపిరి వదులుతూ పొట్టని మెల్లగా లోపలికి తీసుకోండి, మళ్ళీ వదలండి. లేచేటప్పుడు పక్కకి తిరిగి, చేత్తో ఆనుకుని లేవండి. పాపని ఎత్తుకోవచ్చు. పాపనీ, పాప తోపుడుబండినీ, సంచీనీ కలిపి ఎత్తకండి."

"మాది నాలుగో అంతస్తండీ. లిఫ్టు లేదు."

"మీవారికి చెప్పండి మరి."

"ఆయన లిఫ్టు మెకానిక్కే."

డాక్టరమ్మ వెళ్ళి చేతులు కడుక్కుంది.

"కలుస్తాయా అండీ?"

"నెలలు పడుతుంది. కొందరివి పూర్తిగా కలవవు. కలవకపోయినా మధ్యలో బలం వస్తే పని జరుగుతుంది."

పకపక తలుపుదాకా వెళ్ళి ఆగింది. "నవ్వొచ్చా?"

"ఏమిటి?"

"నవ్వొచ్చా అని. అది నా ఉద్యోగం."

డాక్టరమ్మ దగ్గరికొచ్చి, ఆమె రెండు చేతులూ తీసి పొట్టకి చెరోవైపు ఆనించింది. "ఇలా మధ్యకి దగ్గరగా పట్టుకోండి. దిండు అదిమిపెట్టుకున్నా సరే. పొట్ట పట్టుకుని నవ్వండి."

వింటున్నారా? పొట్ట చెక్కలయ్యేలా నవ్వించడం ఈవిడ బతుకుతెరువు. ఆ పొట్ట నిజంగానే రెండు చెక్కలైంది. ఇప్పుడు మందేమిటయ్యా అంటే, పొట్ట పట్టుకుని నవ్వడం! రోగాన్నీ మందునీ మన భాష ఎప్పుడో పక్కపక్కనే పెట్టుకుని కూర్చుంది, అడిగినవాడు లేక చెప్పలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పకపక తన పొట్ట తనే పట్టుకుని చూసుకుంది. నవ్వు రాలేదు. పట్టుకునే చేతులు కూడా తనవే అయితే ఎవర్ని చూసి నవ్వాలి?

ఇంటికొచ్చి వంటింట్లోకి దూరి అక్కకి ఫోను చేసింది. హాల్లో అత్తగారు సైరన్‌ని ఒళ్ళో వేసుకుని ఊపుతోంది. దురదృష్టం ఏమిటంటే, ఆవిడ ఎడం చెవి వంటింటివైపు ఉంది.

"విడిపోయాయక్కా... అవును, పాప పుట్టిన దగ్గర్నించీ... మూడు వేళ్ళ ఎడం ఉందంది... లేదు, ఈయనకి చెప్పలేదు... కలుస్తాయో లేదో గ్యారంటీ లేదట... నువ్వొకసారి వస్తావేమోనని... సరేలే. సరే. తర్వాతే చెయ్యి."

అక్క మీటింగులో ఉందిట. పకపక ఫోను పెట్టేసి, పొయ్యిమీద మరుగుతున్న నీళ్ళకేసి చూస్తూ నిలబడింది.

ఇటు హాల్లో ఏం జరిగిందో చూడండి. వంటింటి తలుపు సందులోంచి హాల్లోకి వచ్చేలోపల ఆ మాటల్లో ఒక్క 'య' జారిపోయి దాని స్థానంలో ఒక 'న' ఎక్కి కూర్చుంది. 'విడిపోయాయక్కా' కాస్తా అత్తగారి చెవిలో 'విడిపోయానక్కా' అయింది. 'కలుస్తాయో' పోయి 'కలుస్తానో' అయింది. ఇక 'మూడు వేళ్ళ ఎడం' సంగతి మీరే ఒకసారి గబగబా అని చూడండి. మూడేళ్ళ ఎడం!

జీవితమంతా లైన్లు కలిపిన మనిషి, సొంతింట్లో లైను తెగిపోతుంటే చూస్తూ ఊరుకుంటుందా? సైరన్‌ని తొట్లో పడుకోబెట్టింది. బాల్కనీలోకి వెళ్ళి ఎవరితోనో గుసగుసగా ఫోను మాట్లాడింది. ఆవిడ గుసగుస అంటే కింద కొట్లోవాడు తలెత్తి చూసేంత. అయినా పకపకకి వినబడలేదు, నీళ్ళు మరుగుతున్నాయి. తర్వాత వచ్చి భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇలా రావే అమ్మాయ్. కూర్చో. మూడేళ్ళా?"

పకపక కూర్చోబోయి ఆగింది. ఆసుపత్రి సంగతి ఈవిడకెలా తెలిసింది? "మూడు వేళ్ళే అత్తయ్యా."

"మూడేళ్ళే అంటావేమే, ఏదో మూడు పూటలన్నట్టు! మీ పెళ్ళయ్యే నాలుగేళ్ళు. అంటే కలిసున్నది ఏడాదన్నమాట. మరి ఈ పిల్ల?"

"పిల్ల వల్లే కదా విడిపోయింది."

అత్తగారు గుండెమీద చెయ్యి వేసుకుంది. "పసిగుడ్డుమీద నెపం వేస్తావా?"

"నేను కాదు, డాక్టరమ్మే చెప్పింది. ఈపాటికి కలవాల్సిందట. నాకింకా కలవలేదు. బెల్టు కూడా మంచిది కాదంది."

"బెల్టా!" అత్తగారు కుర్చీ పడిపోయేలా లేచింది. "వాడు బెల్టు తీశాడా? నా కడుపున పుట్టినవాడు నీమీద బెల్టు తీశాడా?"

"ఆయనకెందుకు బెల్టు? నాదే!"

"నువ్వు వాణ్ణి కొట్టావా!"

పకపకకి అప్పుడు అర్థమైంది, తామిద్దరూ రెండు వేరువేరు సినిమాలకి డబ్బింగు చెబుతున్నారని. లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, అత్తగారి ఎడం చెవిలో నోరు పెట్టి అరిచింది.

"పొట్ట అత్తయ్యా! నా పొట్ట విడిపోయింది!"

తొట్లో సైరన్ ఒకసారి కూత పెట్టబోయి, ఎందుకో మానుకుంది.

చెబితే నమ్మేలా లేదని పకపక హాల్లో చాప పరిచి పడుకుంది. మోకాళ్ళు మడిచింది. చొక్కా కొంచెం పైకి లాగి, అత్తగారి వేళ్ళు పట్టుకుని బొడ్డు దగ్గర పెట్టి, తల ఎత్తింది. పురుడయ్యాక ఆసుపత్రివాళ్ళు తప్ప ఆ పొట్టని ఎవరూ తాకలేదు. అత్తగారి వేళ్ళు చల్లగా ఉన్నాయి. అవి దిగాయి, ఆగాయి. అక్కడే చాలాసేపు ఉండిపోయాయి.

"నొప్పా?" అంది అత్తగారు, ఆవిడకి చేతనైనంత చిన్నగా.

"నొప్పి కాదత్తయ్యా. నాకూ నాకూ మధ్య ఎవరూ లేనట్టుంటుంది."

అత్తగారు బల్ల అంచు పట్టుకుని, మోకాళ్ళు టకటకమంటుండగా వంగి, వచ్చి చాపమీద కోడలి పక్కనే వెల్లకిలా పడుకుంది. కోడలి చెయ్యి తీసుకుని తన పొట్టమీద పెట్టుకుంది. తల ఎత్తింది.

పకపక వేళ్ళు దిగాయి. మూడు కాదు, నాలుగు వేళ్ళూ దిగాయి.

"వాణ్ణి కన్నప్పటిది," అంది అత్తగారు పైకప్పుకేసి చూస్తూ. "ఇదేమిటో ఇప్పుడే తెలిసింది. ఎక్స్ఛేంజీలో బోర్డు ముందు కూర్చుంటే బల్ల అంచు తగిలేది. పక్క కుర్చీ ఆవిడ 'ఏమ్మా, మళ్ళీ విశేషమా?' అనేది. ఏటేటా అనేది. ఏటేటా నవ్వేసేదాన్ని."

"మామయ్యగారితో చెప్పలేదా?"

"చెప్పా. తిండి తగ్గించమన్నారు. తగ్గించాను. పొట్ట తగ్గలేదే. మాట్లాడటం తగ్గిపోయింది."

పైన పంకా తిరుగుతోంది. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు. ఒకే పిల్లాడి తల్లీ పెళ్ళామూ, ఒకే చాపమీద, ఒకే జబ్బుతో! ఊళ్ళోవాళ్ళందరి మాటలూ మోసిన మనిషి, తన మాట ఒక్కటి మోసేవాళ్ళు లేక ముప్ఫై ఏళ్ళు పైబడి పొట్టలోనే పెట్టుకుంది. పకపకకి ఏడుపొచ్చింది. ఏడుపు తన శాఖ కాదని మింగేసింది.

"అంతా బాగానే ఉందిగానీ, ఇప్పుడు లేవడమెలా?" అంది అత్తగారు.

"పక్కకి తిరిగి, చేత్తో ఆనుకుని లేవాలత్తయ్యా."

"ఏ పక్కకి?"

"ఎడం."

"ఎంత ఎడం?"

"ఎడం పక్కకి అత్తయ్యా!"

అత్తగారు ఎడం పక్కకి తిరిగింది. పకపక కుడి పక్కకి తిరిగింది. నడిమధ్యలో నుదురూ నుదురూ ఠంగుమన్నాయి.

ఒక్క క్షణం నిశ్శబ్దం. సైలెన్సుగారు వింటే మురిసిపోయేంత నిశ్శబ్దం. తర్వాత అత్తగారి ముక్కులోంచి ఒక చిన్న తుమ్ములాంటిది వచ్చింది. పకపకకి అడుగునుంచి ఏదో పొంగింది.

"పట్టుకోండత్తయ్యా! పొట్ట పట్టుకోండి!"

అత్తగారు తన పొట్ట పట్టుకోలేదు. రెండు చేతులూ చాపి కోడలి పొట్ట పట్టుకుంది. పకపక అత్తగారిది పట్టుకుంది. ఆ చేతుల మధ్యనుంచి నవ్వు లేచింది. మొదటి మెట్టు, రెండో మెట్టు, ఇంకోటి, పైమెట్టు మీద నిలబడి, గలగలా విరిగి హాలంతా పడింది. ఎక్కడా గాలి పోలేదు. ఐదు నెలల తర్వాత వచ్చిన నవ్వు, ఎవరి పెదవికీ అతకనక్కర్లేని నవ్వు. గురువారం వస్తే రానీ! తొట్లో సైరన్ కళ్ళు విప్పి, ఈ కొత్త చప్పుడు ఎవరిదా అని వింటోంది. తన తల్లి నవ్వు ఆ పిల్ల బయటికొచ్చాక వినడం ఇదే మొదలు.

ఉన్నట్టుండి అత్తగారు నవ్వు మింగేసింది.

"అయ్యో నా మతి మండ! వాడికి ఫోను చేసేశానే!"

"ఎవరికి?"

"ఇంకెవరికి, నీ మొగుడికి. బాల్కనీలోంచి. నీ పెళ్ళాం విడిపోతానంటోందిరా అని."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. మళ్ళీ చేస్తానన్నాడు."

అన్నట్టే చాప పక్కన నేలమీద ఆవిడ ఫోను మోగింది. అత్తగారు పక్కకి దొర్లి, అందుకుని, కోడలి చేతిలో పెట్టింది. "నువ్వే మాట్లాడి చెప్పెయ్. వాడు గోతిలోంచి మాట్లాడతాడు, నాకు ముక్క వినబడి చావదు."

పకపక చెవిదగ్గర పెట్టుకుంది. పొట్టలో నవ్వు ఇంకా అడుగంటలేదు. ఆ ఊపులో ఒక చిలిపి ఆలోచన వచ్చింది. అత్తగారికి కన్ను కొట్టి, గొంతు సవరించుకుని, అచ్చం అత్తగారి గొంతుతో, ఎక్స్ఛేంజీ నాటి ఆ సాగదీతతో సహా, "హలోఁ... చెప్పరా," అంది. అత్తగారు తన గొంతు తనకే వినబడుతుంటే రెండు చేతులతో పొట్ట పట్టుకుని చప్పుడు కాకుండా నవ్వుతో ఊగిపోయింది.

"అమ్మా, తను పక్కనుందా?" అవతల గొలుసులు కదులుతున్న చప్పుడు.

"లేదురా. వంటింట్లో ఉంది."

"నిజంగా విడిపోతానందా?"

"ఊఁ." ఇంకొక్క మాట ఆగి, అసలు సంగతి చెప్పేసి, అతన్ని కూడా నవ్వించాలి. ఆ నవ్వు గోతిలోకి దొర్లి అతని మీద పడాలి, అప్పట్లోలాగ. ఆమె ఊపిరి తీసుకుంది.

"పోన్లే," అన్నాడు అతను. "తనే అనేసింది. నాకు ఊపిరాడింది."

పకపక తీసుకున్న ఊపిరి లోపలే ఉండిపోయింది.

"పాప పుట్టిన దగ్గర్నించీ రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులా ఉన్నానమ్మా. పైకీ పోలేను, కిందికీ రాలేను. తను నవ్వడం మానేసింది చూడూ, దానికి కారణం ఏమిటో నాకు తెలుసు. నీకు చెప్తాను. తనకి మాత్రం చెప్పకు." గొలుసుల చప్పుడు ఆగింది. "అమ్మా? వింటున్నావా?"

చాపమీద అత్తగారు ఇంకా నవ్వుతూనే, "ఏమంటున్నాడే?" అని పెదవులాడించింది.

పకపక ఖాళీ చేతిని పొట్టమీద వేసుకుంది. వేళ్ళు మధ్యకి అదిమింది. డాక్టరమ్మ చెప్పినట్టు ఊపిరి మెల్లగా వదిలింది. తర్వాత అత్తగారి గొంతులో, ఎక్కడా వెంట్రుకవాసి గ్యాప్ రాకుండా, చక్కగా అతికినట్టు అంది:

"వింటున్నా నాన్నా. చెప్పు."